పట్టీ వంచి చూసేవారు

ఆమధ్య ఒక ఆదివారం సాయంత్రం మా వీధి చివరింటి కుర్రాడు ఒక ఫోల్డరు చంకన పెట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్న నా కింద పదిహేనేళ్లు ఫిట్టరుగా చేశాడు. ఆ చనువుతో నన్ను పెదనాన్నా అంటాడు. మెకానికల్ డిప్లొమా పాసై ఏడాదయింది. ఫోల్డరు తెరిస్తే ఏడు సర్టిఫికెట్లు. దళసరి కాగితం, బంగారు అంచు, కింద మెరిసే స్టిక్కరు. ఒకటి ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా. నాలుగు ఎన్‌డీటీ లెవెల్ 2, పద్ధతికొకటి. ఒకటి క్యూఏ క్యూసీ, ఇంకొకటి పైపింగ్. ఏడింటి మీదా ఒకటే సంస్థ పేరు, ఒకటే సంతకం. మొత్తం మూడు నెలల్లో అయిపోయాయి. లక్షా ముప్పైవేలు కట్టారు. ఆ డబ్బు కోసం వాళ్లమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయని తర్వాత తెలిసింది.

"వీటిలో ఏది ముందు పెట్టి రెజ్యూమే రాయమంటారు పెదనాన్నా?" అన్నాడు.

"అల్ట్రాసోనిక్ లెవెల్ 2 అని ఉంది. ప్రోబు ఎన్నిసార్లు పట్టుకున్నావురా?" అని అడిగాను.

"ఒకసారి సార్ చూపించారండి. బ్యాచ్‌లో నలభై మందిమి. అందరికీ చేతికి రాలేదు."

"పరీక్ష ఎవరు పెట్టారు?"

"సారే పెట్టారు. ముందురోజు ప్రశ్నలు ఇచ్చారు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు, సోమరీ కాదు. నేర్చుకుందామనే వెళ్లాడు. నేర్పకుండా కాగితం ఇచ్చి పంపించారు.

మా రోజుల్లో నేర్పేవాడు వేరు, పరీక్ష పెట్టేవాడు వేరు. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. మా అక్క శ్రీకాకుళంలో టైపు నేర్చుకుంది. ఇన్‌స్టిట్యూట్ అంటే ఒక పెంకుటిల్లు, ఎనిమిది రెమింగ్టన్ మిషన్లు, ఒక మాస్టారు. ఆయన నేర్పాడు, వేళ్ల మీద స్కేలుతో కొట్టాడు, నెలకింత ఫీజు తీసుకున్నాడు. సర్టిఫికెట్ ఇచ్చే అధికారం మాత్రం ఆయనకు లేదు. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. పరీక్ష ప్రభుత్వం పెట్టేది. ఆ రోజున మిషన్లను రిక్షాలో వేసుకుని ఏదో హైస్కూలుకి వెళ్లేవారు. పేపరు దిద్దేవాడికి మా అక్క ఎవరో తెలియదు, మాస్టారు ఎవరో తెలియదు. తప్పులు లెక్కపెట్టి మార్కులు వేసేవాడు. అందుకే టైపు హయ్యర్ పాస్ అని అప్లికేషన్‌లో రాస్తే ఏ ఆఫీసులోనూ ఎవరూ అనుమానించేవారు కాదు. కూర్చోబెట్టి కొట్టమంటే నిజంగానే కొట్టేది.

నేను 1975లో ఐటీఐలో చేరాను. ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ఇంట్లో ఏడాదికి మించి ఓపిక లేదు, వెల్డర్ తీసుకున్నాను. ఐటీఐ మమ్మల్ని పాస్ చేసేది కాదు. దేశమంతటికీ ఒకటే ట్రేడ్ టెస్ట్ ఉండేది, జాతీయ వృత్తి శిక్షణ మండలి (ఎన్‌సీవీటీ) సర్టిఫికెట్ ఇచ్చేది. ఆ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీలో అప్రెంటిస్. స్టైపెండ్ మెస్సుకు చాలేది కాదు. కానీ ఆ రోజుల్లోనే ఇనుము ఎంత వేడికి ఏ రంగు తిరుగుతుందో కంటికి పట్టుబడింది. అప్రెంటిస్ అయ్యాక మళ్లీ పరీక్ష, మళ్లీ సర్టిఫికెట్. ఈ రెండు కాగితాలకూ బంగారు అంచు లేదు. నా బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి, మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించాను.

1979లో విశాఖపట్నంలో ఒక కాంట్రాక్టరు దగ్గర 6జీ టెస్టుకి నిలబడ్డాను. ఆ టెస్టు ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే అర్హత అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. ఆరంగుళాల పైపు ముక్కలు రెండు. వాటిని జత చేసి, 45 డిగ్రీల వాలులో స్టాండుకి బిగించేస్తారు. పైపు తిప్పడానికి వీల్లేదు. మనమే దాని చుట్టూ వంగి, మోకాళ్ల మీద కూర్చుని, చివరికి వెల్లకిలా పడుకుని వెల్డింగ్ చెయ్యాలి. మొదట రూట్, అంటే లోపలి తొలి పొర. 6010 రాడ్డుతో వేస్తుంటే కరిగే లోహం ముందు కీహోల్ అనే చిన్న రంధ్రం కనిపిస్తూ ఉండాలి, అది మూసుకుపోతే లోపల అతుకు పడలేదన్నమాట, మరీ పెద్దదైతే లోహం లోపలికి కారుతుంది. ఆ పైన 7018తో నింపుడు, చివర క్యాపింగ్. ఓవెన్‌లో నుంచి తీసిన రాడ్డు చల్లారకముందే వాడాలి. ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని రెండు గంటలూ అక్కడే ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

అయ్యాక పైపులో నుంచి నాలుగు పట్టీలు కోశారు. అంచులు నునుపు చేసి, ప్రెస్సులో పెట్టి యూ ఆకారంలో వంచారు. రెండు పట్టీలు పైభాగం బయటికి వచ్చేలా, రెండు రూట్ బయటికి వచ్చేలా. వంపు మీద 3 మిల్లీమీటర్లకు మించిన పగులు కనిపిస్తే ఫెయిల్. నా మూడు పట్టీలు నిలిచాయి. నాలుగోది, కింద పడుకుని వేసిన చోటు, రూట్ దగ్గర నోరు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు స్కేలు పెట్టి చూపించాడు, 5 మిల్లీమీటర్లు ఉంది. వాదించడానికి ఏమీ లేదు. పట్టీ నా చేతిలోనే ఉంది.

రెండు నెలలు రోజూ డ్యూటీ అయ్యాక స్క్రాప్ పైపు మీద ఆ కింది భాగం ఒక్కటే వేశాను. మేస్త్రీ పక్కన నిలబడి, రాడ్డు వాలు చూపించి, మణికట్టు పట్టుకుని తిప్పించాడు. రెండోసారి నాలుగు పట్టీలూ నిలిచాయి. ఆ నెల నుంచే నా కూలీ దాదాపు రెండింతలైంది. 6జీ నిలిచినవాడు ఏ భంగిమలోనైనా పైపు వెయ్యగలడని లెక్క, అందుకే ఆ మాటకు అంత విలువ. ఇంకొక నియమం కూడా ఉంది. అమెరికా వాళ్ల ఏఎస్ఎంఈ కోడ్ ప్రకారం, ఆ పద్ధతిలో ఆరు నెలలు వెల్డింగ్ చెయ్యకుండా ఉంటే వెల్డరు అర్హత పోతుంది. మళ్లీ టెస్టు ఇవ్వాల్సిందే. నైపుణ్యం చేతిలో ఉంటుంది, చెయ్యి పని మానితే అది తగ్గిపోతుందని ఆ కోడ్ రాసినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు మా కుర్రాడి ఫోల్డరుకి వస్తాను. ఎన్‌డీటీ అంటే లోహాన్ని పగలగొట్టకుండా లోపలి లోపం పట్టుకోవడం. ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్, అయస్కాంతం, రంగు ద్రవం. మన దగ్గర ఎక్కువగా నడిచేది ఎస్ఎన్‌టీ టీసీ 1ఏ అనే పద్ధతి. దాని ప్రకారం లెవెల్ 2 కావాలంటే ఇన్ని గంటల శిక్షణ, ఆపైన ఇన్ని గంటల పని అనుభవం, పరీక్షలు, ఏటా దగ్గరి చూపు పరీక్ష ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యం, మనిషిని సర్టిఫై చేసే బాధ్యత పని ఇచ్చిన కంపెనీది. ఆ కంపెనీ వదిలేస్తే ఆ సర్టిఫికేషన్ కూడా అక్కడితో సరి, కొత్త కంపెనీ మళ్లీ చూసుకోవాలి. ఎక్కడా పని చెయ్యని కుర్రాడి చేతిలో నాలుగు లెవెల్ 2లు ఉంటే వాటి అర్థం శిక్షణకు హాజరయ్యాడని మాత్రమే. ఈ మాట ఫీజు తీసుకునేటప్పుడు చెప్పాలి కదా? చెప్పరు.

సేఫ్టీ డిప్లొమా సంగతి ఇంకా బాధాకరం. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 40-బి అని ఒక సెక్షన్ ఉండేది. వెయ్యి మంది, ఆపైన పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసరు ఉండి తీరాలని. ఆ ఆఫీసరుకి ఏ చదువుండాలో, ఎన్నేళ్ల అనుభవముండాలో రాష్ట్రాల నియమాల్లో రాసి ఉంటుంది. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే పారిశ్రామిక భద్రతా డిప్లొమా లాంటివి అక్కడ చెల్లుతాయి. మరి సందుకొకటి వెలసిన ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సుల్లో ఎన్ని ఆ నియమాలకు సరిపోతాయి? మా కుర్రాడిది సరిపోదు. నేనే ఒక ఫ్యాక్టరీలో తెలిసినవారికి ఫోన్ చేసి పేరు చెప్పి అడిగాను. పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ పది నిమిషాలు గాజులు తాకట్టు పెట్టకముందు ఎవరూ ఖర్చు పెట్టలేదు.

సోంపేట, కవిటి, పలాస వైపు ఊళ్లలో ఇంటికొక వెల్డరో పైపు ఫిట్టరో గల్ఫుకి వెళ్లినవాడు కనిపిస్తాడు. మా తరంలో వెళ్లినవాళ్లు ట్రేడ్ టెస్ట్ నిలిచి వెళ్లారు. పరాయి దేశపు ఇన్‌స్పెక్టరు ఎదుట రాడ్డు పట్టుకుని చూపించి వెళ్లారు. ఇప్పటి పిల్లలు గాజువాకలో బస్సు దిగగానే కరపత్రం చేతికి వస్తుంది. వంద శాతం ఉద్యోగం, విదేశీ సర్టిఫికెట్. కొన్ని చోట్ల నిజంగా నేర్పుతారు, నాకు తెలుసు, మా పాత మేస్త్రీలే కొందరు నేర్పుతున్నారు. నేర్పే చోట బూత్‌లో కాలిన రాడ్డు ముక్కలు కుప్పగా ఉంటాయి. కోసిన పైపు ముక్కలు మూలన పడి ఉంటాయి. ఏసీ గది, ప్రొజెక్టరు, ఫొటోల గోడ ఒక్కటే ఉంటే అక్కడ చేరొద్దు.

మా కాలమే గొప్పదని నేను అనడం లేదు. ఒక విషయంలో ఇప్పటి పిల్లలకు దారులు ఎక్కువ. నేను ఇన్‌స్పెక్షన్ వైపు రావడానికి పద్నాలుగేళ్లు పట్టింది, అదీ ఒక పెద్దాయన నమ్మి తీసుకుంటే. ఇప్పుడు ఇంగ్లండ్ వారి సీస్విప్ 3.1 ఉంది, వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు పరీక్ష. అనుభవం చూపించకపోతే రాయనివ్వరు, కంటిచూపు చూస్తారు, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 570 ఉంది, పైపింగ్ ఇన్‌స్పెక్టర్లకి. దానికీ అనుభవం రుజువు కావాలి, మూడేళ్లే గడువు. ఇలాంటివి మా రోజుల్లో మాకు అందుబాటులో ఉంటే నేను అప్పు చేసైనా రాసేవాణ్ణి. వీటి ఫీజు తక్కువ కాదు. అయినా అక్కడా నేర్పేవాడి మాట చెల్లదు, పరీక్ష నిలవాలి. నేను మెచ్చుకునేది అదే.

ఇది ఒక్క మా ఇనుము పనిలోనే అనుకోకండి. మా మేనల్లుడు కంప్యూటర్ల మనిషి. 2003లో అమీర్‌పేటలో గది తీసుకుని, తిండి మానేసి ఎంసీఎస్ఈ పాసయ్యాడు. దాని మీదే మొదటి ఉద్యోగం వచ్చింది. 2021 జనవరి 31న మైక్రోసాఫ్ట్ ఆ పేరుతో ఇచ్చే సర్టిఫికెట్‌నే ఎత్తేసింది. వాడికి నష్టం జరగలేదు, ఎందుకంటే అప్పటికి సర్వర్ల పని వాడి చేతిలో ఉంది. వాడి రూమ్మేట్ డంప్స్, అంటే బయటికి పొక్కిన ప్రశ్నలు, బట్టీ పట్టి అదే సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, మొదటి ఇంటర్వ్యూలోనే తేలిపోయాడు.

కుర్రాణ్ణి మర్నాడు పిలిచి కూర్చోబెట్టాను. ఏడు కాగితాలూ పక్కన పెట్టించాను. అసలైనది వాడి మెకానికల్ డిప్లొమా, అది పైన పెట్టమన్నాను. నాకు తెలిసిన ఫ్యాబ్రికేషన్ షాపులో అప్రెంటిస్‌గా చేర్పించాను. జీతం తక్కువని వాళ్ల నాన్న ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "రెండేళ్లు పని చెయ్యనివ్వు తమ్ముడూ, తర్వాత కంపెనీయే లెవెల్ 2కి పంపిస్తుంది" అన్నాను. వాడు ఇప్పుడు రోజూ ఎక్స్‌రే ఫిల్ములు వరసపెట్టి, ఏ జాయింటు ఏ నంబరో రాస్తున్నాడు. నిన్న ఒక ఫిల్ములో పోరోసిటీ (గాలి బుడగల) చుక్కలు తనే గుర్తుపట్టానని చెప్పడానికి వచ్చాడు. మూడు నెలల కోర్సులో వాడి ముఖంలో నేను చూడని వెలుగు అది.

పిల్లల తల్లిదండ్రులకు నా మనవి. ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు మూడు సంగతులు కనుక్కోండి. పరీక్ష ఎవరు పెడతారు, నేర్పేవాడేనా? మీ పిల్లవాడు పని చెయ్యదలుచుకున్న కంపెనీల ప్రకటనల్లో ఆ కాగితం పేరు ఎక్కడైనా ఉందా? దానికి ముందు ఎంత పని అనుభవం అడుగుతారు? చెప్పడానికి ఎవరూ లేకపోతే ఆ కరపత్రం పట్టుకుని మీ ఊళ్లో రిటైరైన ఏ ఫోర్‌మన్ ఇంటికైనా వెళ్లండి. చదివి, ఫోన్లు చేసి, ఉన్నది ఉన్నట్టు చెబుతాం. గాజులు బ్యాంకుకి వెళ్లకముందు రండి.