నాలుగు డాలర్ల పాతిక సెంట్లు: ఒక సర్వే ఫారం ఆత్మకథ

నేనొక సర్వే ఫారాన్ని. 1992 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక హాంబర్గర్ దుకాణానికి ఫోన్ వెళ్లింది. మేనేజర్ చెప్పిన జవాబులు ఒక్కొక్కటే నా గళ్లలోకి ఎక్కాయి. కొత్తగా చేరినవాళ్లకు గంటకు ఎంతిస్తారు? ఫుల్‌టైమ్ వాళ్లెందరు, పార్ట్‌టైమ్ వాళ్లెందరు? మొదటిసారి జీతం పెంచేది ఎన్నాళ్లకి? పనివాళ్లకు తిండి ఉచితమా, తగ్గింపు ధరకా? కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చి పనిలో చేర్పించినవాళ్లకు బోనస్ ఏమైనా ఉందా? ఉదయం పదకొండింటికి ఎన్ని క్యాష్ కౌంటర్లు నడుస్తాయి? మీడియం కూల్‌డ్రింక్ ఎంత, చిన్న ఫ్రైస్ ఎంత, అసలు వంటకం ఎంత?

జీతం గడిలో 4.25 అని పడింది. అప్పటి జాతీయ కనీస వేతనం అదే. ఆ ఏప్రిల్ 1 నుంచి న్యూజెర్సీ దాన్ని 5.05 డాలర్లు చేయబోతోంది. పొరుగున ఉన్న పెన్సిల్వేనియాలో మాత్రం 4.25 అలాగే ఉంటుంది. ఈ తేడాను పట్టుకుని నన్ను తయారుచేసినవాళ్లు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఇద్దరు ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్లు: డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్. ఇక్కడ చెప్పేది ఎక్కువగా కార్డ్ గురించే.

ఆయన 1956లో కెనడాలోని గ్వెల్ఫ్‌లో పుట్టారు. పాడి రైతుల కుటుంబం. క్వీన్స్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రంతో మొదలుపెట్టి, మధ్యలో ఆర్థికశాస్త్రానికి మారి, 1978లో డిగ్రీ పూర్తిచేశారు. 1983లో ప్రిన్స్‌టన్‌లో ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ దగ్గర పీహెచ్‌డీ. అక్కడ 1922 నుంచీ కార్మిక, వేతన విషయాలకంటూ ఒక విభాగం ఉంది. నిరుద్యోగులకు ప్రభుత్వం ఇచ్చే శిక్షణ వల్ల వాళ్ల సంపాదన నిజంగా పెరిగిందా అన్నది అప్పట్లో గురుశిష్యులు తలపట్టుకున్న ప్రశ్న. శిక్షణ తర్వాత ఆదాయం పెరిగిందని సంబరపడితే చాలదు. శిక్షణ తీసుకోని అలాంటివాళ్లకే ఆ కాలంలో ఎంత పెరిగిందో కూడా చూడాలి. ఈ పట్టింపు కార్డ్‌ను ఎన్నడూ వదల్లేదు.

1990లో మయామీ మీద ఆయన రాసిన పరిశోధనా వ్యాసంలోనూ కనిపించేది అదే. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి కొద్ది నెలల్లో దాదాపు 1,25,000 మంది పడవల్లో ఫ్లోరిడా చేరారు. మయామీలో పనిచేసేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా 7 శాతం పెరిగింది. స్థానికుల కూలి పడిపోవడం ఖాయమనుకున్నారు. కార్డ్ మయామీని అట్లాంటా, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్, టాంపా నగరాల పక్కన పెట్టి చూస్తే తక్కువ నైపుణ్యం ఉన్న స్థానికుల జీతాల్లోగానీ నిరుద్యోగంలోగానీ చెప్పుకోదగ్గ దెబ్బ కనిపించలేదు. దీనిమీద వాదన ఇప్పటికీ నడుస్తోంది. చదువు మధ్యలో ఆపేసినవాళ్ల వరకే చూస్తే కూలి తగ్గిందని ఆ తర్వాత ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ వాదించారు.

ఇక న్యూజెర్సీ సంగతి. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్నది అప్పటి పాఠ్యపుస్తకాల మాట. మనిషి చేసే పని విలువ ఎంతో కూలి కూడా అంతే ఉంటుంది. అంతకన్నా ఎక్కువ ఇవ్వమని చట్టం బలవంతపెడితే యజమాని మనిషిని తీసేస్తాడు. కాగితం మీద ఈ తర్కానికి తిరుగులేదు. దుకాణంలో ఏం జరుగుతుందో మాత్రం ఎవరో ఒకరు వెళ్లి చూడాలి కదా! బర్గర్ కింగ్, కేఎఫ్‌సీ, వెండీస్, రాయ్ రోజర్స్ దుకాణాలు మొత్తం 410 ఆ సర్వేకి జవాబు చెప్పాయి. అందులో న్యూజెర్సీవి 331, తూర్పు పెన్సిల్వేనియావి 79. నాలాంటి ఫారాలూ అన్నే.

నవంబర్, డిసెంబర్‌లలో మళ్లీ అవే దుకాణాలకు, అవే ప్రశ్నలతో ఫోన్లు వెళ్లాయి. ఈసారి 39 దుకాణాలు ఫోన్‌కి జవాబివ్వలేదు. అక్కడితో చేతులు దులుపుకోలేదు. ఒక మనిషిని కారులో ఆ 39 చోట్లకీ పంపారు. ఆరు దుకాణాలు శాశ్వతంగా మూతపడ్డాయని, రెండు మరమ్మతుల్లో ఉన్నాయని, ఒకటి రోడ్డు పనుల వల్ల, ఇంకొకటి షాపింగ్ మాల్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల ఆగిపోయాయని తెలిసింది. జవాబు చెప్పనన్నది ఒక్కటే.

నా దృష్టిలో ఈ పరిశోధన అంతటికీ గుండెకాయ ఆ 39 దుకాణాల ప్రయాణమే. వేతనం పెంచడం వల్ల నిజంగా దెబ్బతిన్న దుకాణం ఫోన్ ఎత్తదు. మూతపడ్డవాటిని వదిలేసి, బతికి ఉన్నవాటినే లెక్కిస్తే నష్టం ఎంత ఉన్నా కంటికి కనబడదు. అందుకే మూతపడ్డ ఆరింటిలోనూ ఉద్యోగుల సంఖ్య సున్నా అని లెక్కలో వేశారు. జరిగిన నష్టాన్ని ముందు తమ లెక్కలోకి తెచ్చుకున్నాకే సగటు తీశారు.

ఫుల్‌టైమ్ వాళ్లు, మేనేజర్లు ఒక్కొక్కరికి ఒకటి, పార్ట్‌టైమ్ వాళ్లకు అర చొప్పున కూడారు. పెంపుకు ముందు న్యూజెర్సీ దుకాణానికి సగటున 20.44 మంది, తర్వాత 21.03. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి తగ్గింది. అప్పటి ఆర్థిక మాంద్యం రెండుచోట్లా ఉంది. జీతం పెరిగిన చోట మనుషులు తగ్గలేదు, పెరగని చోట తగ్గారు. రెండు మార్పుల మధ్య తేడా దుకాణానికి 2.76 మంది. న్యూజెర్సీలోనే ముందునుంచీ 5 డాలర్లు, ఆపైన ఇస్తున్న దుకాణాలతో 4.25 ఇచ్చిన దుకాణాలను పోల్చినా ఇదే తేలింది. మరి పెరిగిన జీతం ఎవరు భరించారు? భోజనం ధర న్యూజెర్సీలో పెన్సిల్వేనియా కన్నా సుమారు 4 శాతం ఎక్కువ పెరిగింది. కూల్‌డ్రింక్, ఫ్రైస్ ధర గళ్లు లేకపోతే ఆ సంగతి తెలిసేదే కాదు.

వ్యాసం 1994లో, మరుసటి ఏడు పుస్తకం వచ్చాయి. 1995లోనే నలభై ఏళ్లలోపు ఆర్థికవేత్తలకు అమెరికాలో ఇచ్చే క్లార్క్ పతకం కార్డ్‌కి దక్కింది. పొగడ్తలతో పాటు కోపాలూ వచ్చాయి. ఫోన్లో చెప్పిన లెక్కల్ని నమ్మలేమన్నారు ఆర్థికవేత్తలు డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్. దుకాణాల జీతాల రికార్డులు తెచ్చి, ఉద్యోగాలు తగ్గాయని వాదించారు. ఫోన్ జవాబుల్లో అటూఇటూ ఉంటుందన్నది నిజమే. కార్డ్, క్రూగర్ ప్రభుత్వ కార్మిక గణాంక శాఖ రికార్డులు తీసి మళ్లీ లెక్కించారు. ఉద్యోగాలు తగ్గిన జాడ వాటిలోనూ లేదని 2000లో చూపించారు. ఈ గొడవలో కొందరు స్నేహితులను పోగొట్టుకున్నానని కార్డ్ 2006లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. కనీస వేతనం పెంచమని ఆయన ప్రచారం చేయలేదు. ఏం జరిగిందో కొలిచి చూపించడం వరకే తన పని అనుకున్నారు.

ఉద్యోగాలు ఎందుకు పోలేదు? ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే ఒక దారి చూపారు. పనివాడు వేరేచోటికి సులువుగా వెళ్లలేనప్పుడు కూలి నిర్ణయించే పట్టు యజమాని చేతికొస్తుంది. పని విలువకన్నా తక్కువిచ్చి, కొన్ని ఖాళీలు ఉన్నా అలాగే నెట్టుకొస్తాడు. అలాంటిచోట కూలి కొంత పెరిగితే మనుషులు దొరుకుతారు తప్ప ఉద్యోగాలు పోవు. కొత్తవాళ్లను తెచ్చినవారికి బోనస్ ఇస్తున్న దుకాణాలు ఉండటమే మనుషుల కొరతకు గుర్తు.

1997లో కార్డ్ కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీలో చేరారు. తర్వాతి పరిశోధన దుకాణాల నుంచి కంపెనీల మీదికి మళ్లింది. యోర్గ్ హైనింగ్, పాట్రిక్ క్లైన్‌లతో కలిసి 2013లో ప్రచురించిన పనిలో పశ్చిమ జర్మనీలో వేతనాల అసమానత పెరగడానికి మనుషుల మధ్య తేడాతో పాటు కంపెనీల మధ్య తేడా కూడా పెద్ద కారణమని తేల్చారు. ఒకే నైపుణ్యం ఉన్నవాళ్లకు ఎక్కడ పనిచేస్తున్నారన్న దాన్నిబట్టి జీతం మారిపోతోంది. పోర్చుగల్ మీద 2016లో వచ్చిన పనిలో, మంచి కంపెనీలు అదనంగా ఇచ్చే జీతంలో మగవాళ్లకు అందేదాంట్లో ఆడవాళ్లకు అందేది 90 శాతమే అని తేలింది. కంపెనీ ఉత్పాదకత ఒకటే, పంచుకోవడంలోనే తేడా.

2021లో నోబెల్ బహుమతిలో సగం కార్డ్‌కి, మిగతా సగం జాషువా ఆంగ్రిస్ట్, గీడో ఇంబెన్స్‌లకు వచ్చింది. క్రూగర్ 2019లోనే కన్నుమూశారు. ఆయన బతికి ఉంటే ఆ వేదిక మీద ఉండేవారని చాలామంది అన్నారు. నా గళ్లలో ఆయన పనీ సమానంగా ఉంది గనక నేనూ అదే అంటాను.

నా జవాబులిప్పుడు ఒక కంప్యూటర్ ఫైల్లో 410 వరుసల్లో ఒకటి. ఆ ఫైలు అందరికీ అందుబాటులో ఉంది. ఎన్నో దేశాల క్లాసుల్లో విద్యార్థులు ఆ సగటులు మళ్లీ తీసి, కార్డ్ లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటున్నారు. పరీక్షకు నిలబడటం నాకు గర్వంగా ఉంటుంది.

కూలి పెరిగితే పని తగ్గుతుందా అన్న ఈ ప్రశ్న తెలుగు పొలాలకూ వచ్చింది. ఊళ్లలో కరువు పని అని పిలిచే ఉపాధి హామీ కూలిని వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో చెల్లించే పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రవేశపెట్టినప్పుడు, 157 మండలాల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఆ మండలాలను పోల్చి చూశారు. కార్డులు ముందుగా వచ్చినచోట ఉపాధి హామీ కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. పెరిగిన ఆదాయంలో 86 శాతం పథకం నుంచి రాలేదు, బయటి పనుల నుంచి వచ్చింది. కరువు పని కూలి సరిగ్గా అందుతుంటే తక్కువ కూలికి ఒప్పుకోవాల్సిన అవసరం తగ్గింది, రైతులు ఎక్కువివ్వాల్సి వచ్చింది. ఆ మండలాల్లో ప్రైవేటు పనులకు కూలీ పెరిగింది, దొరికే పనీ పెరిగింది.