టెన్‌కే వీరుడు

జూన్ వస్తే మాదాపూర్‌లో రెండు మొదలవుతాయి: అయ్యప్ప సొసైటీ సందుల్లో వాన నీళ్ళు, ఆఫీసు మెయిళ్ళలో పరుగు పందెం పిలుపులు. నీళ్ళు పూటలో పోతాయి. పిలుపు మాత్రం ఫ్లోరుకొకణ్ణి పట్టుకుని ఆగస్టు నెలాఖరు దాకా వదలదు.

అలా దొరికిపోయినవాడే టెన్‌కే వీరుడు. ముప్పై దాటి నలభైకి చేరువైన వయసు. ఆఖరిసారి ఒళ్ళు మరిచి పరిగెత్తింది ఎంసెట్ రోజున, నిమిషం ఆలస్యమైతే రానివ్వరని సెంటరు గేటు వైపు. తర్వాత ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, కుర్చీ వచ్చింది. ఆ కుర్చీకి చక్రాలుండడంతో కాళ్ళతో ఇక పని పడలేదు.

మా ఫ్లోరులో ఏటా ఒకడు తయారవుతాడు. మొహం మారుతుంది, వరస మారదు. ఈసారి నా పక్క సీటువాడు. అందుకే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

పడడం ఎలా పడ్డాడంటే, మధ్యాహ్నం సైబర్ టవర్స్ దగ్గర టీ తాగుతుంటే, పక్క టీమువాడు నిరుడు హైదరాబాద్ మారథాన్‌లో టెన్‌కే, అంటే పది కిలోమీటర్ల పరుగు, చేశానన్నాడు. మనవాడు వాడి పొట్ట చూశాడు, తన పొట్ట చూసుకున్నాడు. తేడా కనపడలేదు. "పదే కదా, రోజూ పదివేల అడుగులు వేస్తూనే ఉన్నాగా" అన్నాడు. అన్నాక పౌరుషం. రాత్రి పదకొండింటికి కార్డు నంబరు.

ఈ పదివేల అడుగుల అంకె ఏ వైద్యుడి చీటీలోంచీ రాలేదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే చిన్న పరికరం ఒకటి అమ్మకానికి పెడుతూ, దానికి 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అదే ప్రపంచమంతా పాకింది. పదివేల అడుగులంటే సుమారు ఏడు కిలోమీటర్లు. అదీ పొద్దుటి నుంచి రాత్రి దాకా, మధ్యలో మూడు మీటింగులు, నాలుగు టీలు, ఒక కునుకు కలుపుకొని. ఆ రాత్రి ఈ లెక్కలు చెప్పేవాళ్ళెవరూ వాడి పక్కన లేరు.

ఈ హైదరాబాద్ మారథాన్ హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ వాళ్ళు జరిపే పందెం. ఈ మధ్య ఏళ్ళలో అయితే ఫుల్లు, హాఫు నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలవుతున్నాయి. టెన్‌కే మాత్రం మన హైటెక్స్‌లో మొదలై గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో ముగుస్తుంది. హైటెక్స్ నుంచి స్టేడియానికి ఆటోవాడైతే ఆరేడు కిలోమీటర్లలోపే దింపేస్తాడు. వీళ్ళు చుట్టు తిప్పి పది చేస్తారు. చుట్టు తిప్పాడని ఆటోవాడితో నడిరోడ్డు మీద పోట్లాడే మనవాడు, దీనికి మాత్రం రెండు నెలల ముందే డబ్బు కట్టాడు.

కట్టినవాడు కిమ్మనకుండా ఉన్నాడా? లేదు. వెనక్కి తగ్గే దారి లేకుండా చేసుకోవడానికంటూ అందరికీ చెప్పాడు. టీముకి, మేనేజరుకి, క్యాంటీన్ కౌంటరు అబ్బాయికి, బావమరిదికి. చెప్పిన మర్నాటి నుంచీ వాళ్ళందర్నీ చూసి భయపడడం మొదలుపెట్టాడు. ఈ జాతి లక్షణమే అది. పది కిలోమీటర్లంటే వీడికి భయం లేదు. ఆ పదీ పరిగెత్తుతుంటే ఎవరైనా చూస్తారని భయం.

భయపడ్డ సాఫ్ట్‌వేరువాడు మొదట చేసేది పరిశోధన. పాదం తడిపి కాగితం మీద అద్దితే మన పాదం చదునుదో వంపుదో తెలుస్తుందట. సోమవారం ఉదయం నా కీబోర్డు పక్కన పాత పేపరు ముక్క మీద ఒక కుడి పాదం. లక్ష్మీదేవిది కాదని చూడగానే తెలిసింది. "చూడన్నా, వంపు ఉన్నట్టా లేనట్టా?" దాని మీద చిన్న మీటింగే జరిగింది. ఇద్దరు ఉందన్నారు, ముగ్గురు లేదన్నారు. క్వాలిటీ టీము అమ్మాయి మాత్రం మరక అంది.

చివరికి అరసైజు పెద్దవి తీసుకోమన్న సలహా మీద తొమ్మిది వేలు పోసి బూట్లు కొన్నాడు. వాన కదా, పాడవుతాయని మూడు వారాలు పెట్టెలోంచి తీయలేదు. ఈలోగా వాచీ వచ్చింది, పరుగుల లెక్క రాసే స్ట్రావా యాప్ వచ్చింది, నడుముకి నీళ్ళ సీసాల పట్టీ వచ్చింది. రానిదల్లా పరుగే.

వచ్చిన రోజు గురించి చెప్పాలి. ఎవరూ చూడకుండా తెల్లవారుజామున అయిదింటికి దిగాడు. వేరే ఊళ్ళో అయితే చెల్లేదేమో గానీ మాదాపూర్‌లో ఎవరూ చూడని వేళంటూ ఒకటి లేదు. అమెరికా షిఫ్టు క్యాబులు ఒక పక్క దింపుతుంటాయి, పొద్దుటి షిఫ్టువి ఇంకో పక్క ఎక్కించుకుంటుంటాయి. హాస్టళ్ళ ముందు నీళ్ళ ట్యాంకర్లు. ఇడ్లీ బండి దగ్గర పిండి గిన్నె దించుతున్న భార్యాభర్తలు. చీపుర్లతో మునిసిపాలిటీ వాళ్ళు. ఇంతమంది మధ్య, వంటికి అతుక్కున్న నియాన్ రంగు టీషర్టుతో మనవాడు గేటు దాటాడు.

మొదటి పరుగెప్పుడూ దొంగని తరిమినట్టే ఉంటుంది. నెమ్మదిగా పరిగెత్తవచ్చన్న సంగతి ఎవరూ పుట్టుకతో తెలుసుకోరు. నాలుగొందల మీటర్లకి ఊపిరి గొంతులో ఇరుక్కుంది, పక్కటెముకల కింద పొడుచుకొచ్చింది. ఆగాలి. కానీ ఊరికే ఆగితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? వంగి లేసు కట్టుకున్నాడు. ఆ పూట ఆ లేసు ప్రతి మూడొందల మీటర్లకీ ఊడింది. లేసు మరీ ఎక్కువసార్లు ఊడితే బాగుండదని మధ్యలో రెండు ఫోన్లు కూడా వచ్చాయి, మోగకుండానే. తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి వాచ్‌మన్ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమైంది సార్? ఎవడన్న ఎంటవడ్డడా?"

ఎంటవడ్డవి ఉన్నాయి. కుక్కలు. మనవాడి ట్రైనింగ్ ప్లానులో మంగళవారం తేలిక పరుగు, గురువారం వేగం పరుగు అని ఉంటుంది. మా సందు కుక్కలు వారానికి ఏడు రోజులూ గురువారమే పాటిస్తాయి.

ఫుట్‌పాత్ సంగతి ఎత్తకపోవడమే మేలు. ఉన్నచోట దాని మీద ట్రాన్స్‌ఫార్మరుంటుంది, లేకపోతే బైకులు, అవీ లేకపోతే పానీపూరీ. అందుకని కొన్నాళ్ళు అపార్టుమెంటు సెల్లారులో కార్ల చుట్టూ తిరిగాడు. బయట మూడు కిలోమీటర్ల తొమ్మిదొందల మీటర్లకి ఇల్లు వచ్చేస్తే, స్ట్రావాలో నాలుగు అని పడాలి గనక, ఆ వంద మీటర్లూ సెల్లారులోనే పూర్తిచేసేవాడు. "సార్, మీరు పోతున్నరా, వస్తున్నరా? గేటు తియ్యాల్నా, ఉంచాల్నా?" అని వాచ్‌మన్ తన బాధ తాను పడ్డాడు. పైగా భూమి కింద జీపీఎస్ సరిగా అందదు. ఒక రోజు వాచీ ప్రకారం మనవాడు దుర్గం చెరువు మధ్యలోంచి పరిగెత్తాడు. అదే అన్నిటికంటే వేగమైన కిలోమీటరని ఇప్పటికీ చెబుతాడు.

ఇక్కడ ఒక మాట. కారులో తిరిగేవాడికి మాదాపూర్ చదునైన ఊరు. దక్కను రాళ్ళ మీద కట్టిన పేట ఇదని, ఇనార్బిట్ వైపు రోడ్డు ఎత్తు ఎక్కుతుందని, 2020లో తెరిచిన తీగల వంతెన ఫొటోలోకన్నా కాళ్ళకి ఎక్కువ పొడవని నడకతోనే తెలుస్తుంది. పరుగుతో అయితే మరిచిపోలేనంతగా తెలుస్తుంది. పదేళ్ళుగా అదే రోడ్డున వస్తున్న మనవాడు, ఒక ఆదివారం ఆ ఎత్తు మొదట్లో నిలబడి "ఇది ఎప్పుడు కట్టారన్నా?" అని నన్నే అడిగాడు.

రెండో నెల మొదట్లో మోకాలి వెలుపల నొప్పి పట్టుకుంది. నాలుగు కిలోమీటర్ల నుంచి ఒకే వారంలో ఎనిమిదికి ఎగబాకిన ఫలితం. ఫిజియోథెరపిస్టు కాలు అటూ ఇటూ మడిచి చూసి, "మీ ఐటీ బ్యాండ్ బిగుసుకుపోయింది" అన్నాడు. మనవాడు నిర్ఘాంతపోయాడు. జీతం బ్యాండు తెలుసు, అప్రైజల్ బ్యాండు తెలుసు. ఇది ఒంట్లోకి ఎప్పుడు దిగింది? ఐటీ అంటే ఇలియోటిబియల్ అని, తుంటి దగ్గర నుంచి మోకాలి వెలుపలి అంచు మీదుగా కిందికి దిగే గట్టి పట్టీ అని, అది రైతుకీ ఉంటుందని, రిక్షా తొక్కేవాడికీ ఉంటుందని ఆయన ఓపిగ్గా చెప్పాడు. "కూర్చునే ఉద్యోగమా?" అని కూడా అడిగాడు. ఆ ప్రశ్నకి మనవాడు రోజంతా నొచ్చుకున్నాడు.

వారం విశ్రాంతి అన్నారు. ఆ వారమంతా యూట్యూబే. 2019 అక్టోబరులో వియన్నాలో మారథాన్ వీరుడు కిప్‌చోగే 42.195 కిలోమీటర్లని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తిన వీడియో పదిసార్లు చూశాడు. కిలోమీటరుకి 2 నిమిషాల 50 సెకన్లు. ఆ లెక్కన మన టెన్‌కే ఆయనకి అరగంట కూడా పట్టదు. మనవాడికి ఆ అరగంట హైటెక్స్ పార్కింగులోంచి బయటపడడానికే చాలదు. అయినా ఇద్దరి చేతుల ఊపూ ఒకటేనని మేనేజరుకి చేసి చూపించాడు.

తెనాలి నుంచి తల్లి ఫోను.

"ఏరా, పరిగెత్తడానికి డబ్బులు కట్టావటగా?"

"అవునమ్మా."

"గెలిస్తే ఏమిస్తారు?"

"గెలవడం కాదమ్మా, పూర్తిచేస్తే మెడలిస్తారు."

"అందరికీనా?"

"అందరికీ."

"అందరికీ ఇచ్చేదాన్ని ప్రసాదం అంటార్రా. తీసుకుని రా, పూజగదిలో పెడదాం."

తిండి విషయంలో మాత్రం వాడికి ఏ అనుమానాలూ లేవు. పందేనికి ముందు పిండిపదార్థాలు బాగా తినాలని చదివాడు. గంటన్నర దాటి సాగే పరుగులకే దాని ప్రయోజనమన్న వాక్యం ఆ కిందనే ఉంది. అక్కడిదాకా చదివే ఓపిక ఎవరికుంటుంది, చేతిలో బిర్యానీ ఉండగా? బుధవారం మొదలుపెట్టి శనివారం దాకా శ్రద్ధగా చేశాడు. మొత్తం తయారీలో ఒక్క పూట కూడా ఎగ్గొట్టని అంశం ఇదొక్కటే.

ఆఖరి వారంలో భయం కడుపులోంచి నోట్లోకి వచ్చింది. వాన పడితే? బాత్రూము లైను పెద్దదైతే? ఆఖరివాణ్ణయితే? వెనక అంబులెన్సు, దాని వెనక ట్రాఫిక్ పోలీసు, ఆయన వెనక ఎప్పుడు దారి వదులుతారా అని కాచుక్కూర్చున్న హైదరాబాదు. ఈ దృశ్యం వాడికి పట్టపగలే కనపడేది. నేను లెక్క వేసి చూపించాను. గంటకి ఆరు కిలోమీటర్ల చొప్పున జోరుగా నడిచినా గంటా నలభై నిమిషాల్లో అయిపోతుందిగా అని. "నడవనన్నా" అన్నాడు, నేనేదో లంచం ఇవ్వజూపినట్టు.

పందెం వాళ్ళ ఎక్స్‌పోకి వెళ్ళి నంబరు బిళ్ళ తెచ్చుకున్నాక, దాన్ని పట్టుకుని పెద్దమ్మ గుడికి బయల్దేరాడు. కొత్త బండి కొన్నవాళ్ళు పూజ చేయించే గుడి అది. బూట్లకే చేయించాలనుకున్నాడట గానీ, తొమ్మిది వేల బూట్లు గుడి బయట విడవాలంటే ధైర్యం చాలక చెప్పులతో వెళ్ళి, కాగితం నంబరు ఒక్కటే అమ్మవారి పాదాల దగ్గర పెట్టించాడు. పూజారి దాని మీద కుంకుమ పెట్టాడు. చిప్పు మీద పడిందని, టైము నమోదవుతుందో లేదోనని మరో రాత్రి నిద్ర లేదు.

శనివారం రాత్రి టీషర్టు, నిక్కరు, మేజోళ్ళు, టోపీ, నంబరు అన్నీ మంచం మీద మనిషి ఆకారంలో పరిచి ఫొటో పెట్టాడు. చేలో దిష్టిబొమ్మని పడుకోబెట్టినట్టుంది. మూడు అలారాలు. మూడింటికంటే ముందే లేచాడు.

పరుగు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, చూసినంతే చెప్పాలి గనక. మొదటి కిలోమీటరు ఎంసెట్ లాగా పరిగెత్తాడు. రెండో దానికి బుద్ధి వచ్చింది. నాలుగో దాని దగ్గర తెల్లమీసాల పెద్దాయన ఒకరు, మామూలు క్యాన్వాస్ బూట్లతో, మనవాడి తొమ్మిది వేల బూట్ల వైపు ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా దాటిపోయారు. ఏడో దాని దగ్గర లేసు కట్టుకోవడానికి వంగాడు. ఈసారి నిజంగానే ఊడింది. స్టేడియంలోకి వచ్చేసరికి గంటా ముప్పై ఒక్క నిమిషం. వాడి వెనక చాలామంది ఉన్నారు. నేను లెక్కపెట్టాను, వాడు అడుగుతాడని తెలుసు.

అడిగాడు.

సోమవారం మెడల్ మెడలోనే వేసుకుని వచ్చాడు. లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కలేక కిందనే గంట కూర్చున్నాడు. టీ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు మెడల్ చూశాడు, పొట్ట చూశాడు, తన పొట్ట చూసుకున్నాడు.

వచ్చే ఆగస్టు ఆదివారం పొద్దున్నే మీ కారు ఏ మలుపులోనో ఆగిపోతే, దయచేసి హారన్ మోగించకండి. దిగి చప్పట్లు కొట్టండి, నీళ్ళివ్వండి, కావాలంటే ఫొటో తీయండి. "ఇంకెంత, దగ్గరికొచ్చేశారు" అని మాత్రం అనకండి. మీరు ఎక్కడ నిలబడి అన్నా సరే, అక్కడి నుంచి ఇంకో ఎత్తు ఉంటుంది.