కొయ్య చెంచాకు కొలువు, ప్లాస్టిక్ చెంచాకు పాయసం

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఉదయగిరి విందుల్లోనే వాటికి గుర్తింపు లేదు!

కొండ కర్ర తెచ్చి, చేత్తో చెక్కి, పిడి మీద నగిషీ తీర్చిన చెంచా లేపాక్షి షోరూములో అద్దం వెనక దర్జాగా కూర్చుంటుంది. పెళ్లి పాయసానికి దిగేది మాత్రం ప్లాస్టిక్ చెంచా. గట్టిగా ఒత్తితే విరుగుతుంది. విరిగితే ఇంకోటి.

వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, గ్లాసులపై కేంద్రం నిషేధం 2022 జులై 1నే మొదలైంది. ఆ కబురు చెంచాలకు ఇంకా అందినట్టు లేదు.

పోనీ, అదే జిల్లా ఆత్మకూరు విందులో విస్తరాకు అడిగి చూడండి.

‘‘బఫే గదా సార్, ఆకు ఏడ వేస్తాం?’’

తిండి సంగతికొస్తే, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. మెట్టలో తాతలు పండించి తిన్న సజ్జలకు గిరాకీ తిరిగొచ్చింది. అంబలి ఇప్పుడు ప్లాస్టిక్ గ్లాసులో, మూతతో, స్ట్రాతో సహా!

అలాగని కొయ్య చెంచాను మరిచామనకండి. పర్యావరణ సభ పెడితే ముఖ్య అతిథికి ఆ చెంచాల సెట్టు ఖాయం. చుట్టి ఇచ్చేది ప్లాస్టిక్ కవర్లో.