కూడికకు రెండు, ఖర్చుకు ఒకటి!

హైదరాబాద్ శివార్లలోని దూలపల్లిలో చెట్ల లెక్క తెలిసినవాళ్లకు కొదవ లేదు. ఫారెస్ట్ అకాడమీ ఇక్కడే, అటవీ జీవవైవిధ్య సంస్థా ఇక్కడే. లెక్క తప్పేదల్లా చెట్టు కాగితమై, కాగితం పుస్తకమై, పుస్తకం కాలేజీ లైబ్రరీ కేటలాగులోకి ఎక్కాకే!

ఏ ఊరి కాలేజీ అయినా సరే, తనిఖీ బృందం వస్తోందంటే లైబ్రరీ రాత్రికి రాత్రే బలుస్తుంది. ఒకే పాఠ్యపుస్తకానికి అచ్చు ప్రతి పేరిట ఒక రికార్డు, ఈ-బుక్ పేరిట ఇంకొకటి. రెండింటికీ ఐఎస్‌బీఎన్ వేరు కాబట్టి తప్పు పట్టలేం. టైటిళ్లు చూపించేటప్పుడు అవి రెండు పుస్తకాలు. పిల్లలు ఇంకో ప్రతి కొనమంటే మాత్రం "ఈ-బుక్ ఉందిగా!"

సరే, ఉందిగా అని లింకు నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. చందా ఎప్పుడో ముగిసింది, కేటలాగులోని మార్క్ రికార్డులో లింకు ఉండే 856వ ఫీల్డు మాత్రం చిరంజీవి. పోనీ అచ్చు ప్రతి? తెర మీద 'అందుబాటులో ఉంది'. అరలో ఉన్నది దుమ్ము.

మందు లేక కాదు. 2000లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన కోహా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితం. బార్‌కోడునూ లింకునూ ఒకే రికార్డులో ఇముడ్చుకుంటుంది. చచ్చిన లింకులేవో పట్టిచ్చే ఏర్పాటూ ఉంది. ఆ జాబితా చూసి దిద్దాల్సిన కేటలాగరు పోస్టే ఖాళీ. ఆయనకు ఈ-కాపీ ఇంకా మార్కెట్లోకి రాలేదు కాబోలు!