బాగున్నదాన్ని బాగుచేయడం

చెడిపోయిన సైకిలును నేనెప్పుడూ పాడుచేయలేదు. నా చేతిలో పాడైనవన్నీ అంతవరకూ లక్షణంగా తిరుగుతున్నవే. ఇంట్లోవాళ్ళు ఈ మాట ఎప్పట్నుంచో అంటున్నారు, నేనే ఒప్పుకోలేదు. ఇప్పుడైనా బుద్ధి వచ్చి ఒప్పుకోవడం లేదు. అలమారలో మా ఆవిడ తేదీలవారీగా పిన్ను కొట్టి దాచిన రసీదుల కట్ట నా కంటపడింది. అంతే.

నా పొగరుకు మూలం మా నాన్నగారి అట్లాస్ సైకిలు. దానికి ఏడాదికోసారి ఇంటి అరుగు మీదే ఓవర్‌హాలింగు జరిగేది. ఇరుసులు విప్పి, బాల్స్‌ని కిరసనాయిలు గిన్నెలో వేసి, పాత బనీను ముక్కతో తుడిచి, కప్పులో గ్రీజు నింపి వాటిని ఒక్కొక్కటిగా పేర్చడం నా పని. ఒక బాలు ఎక్కడికో దొర్లిపోయినా నాన్నగారికి చెప్పేవాణ్ణి కాదు. బండి మామూలుగానే తిరిగేది. కాటర్ పిన్నును రాయితో కొట్టి దింపినా ఏమీ అనుకునేది కాదు. ఆ ఓర్పంతా సైకిలుదని అప్పుడు తట్టలేదు. నా పనితనం అనుకున్నాను.

నలభై దాటాక డాక్టరు రోజూ నడవమంటే, నడక ముసలివాళ్ళ పని అని మౌంటెన్ బైకు కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, ముందు గాలితో పనిచేసే ఫోర్కు, రెండు చక్రాలకూ హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు, వెనక పన్నెండు గేర్లు. విశాఖలో కాపురం కాబట్టి కొండలకు కొదవలేదు: కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్డు, ఊరు దాటితే మట్టి దారులు. బండి వెనకాలే పానాల పెట్టె కూడా ఇంటికి వచ్చింది. ఆ ఖర్చు మా ఆవిడకు నచ్చచెప్పడానికి చరిత్ర ఎత్తుకున్నాను.

చరిత్రలో తప్పులేదు. 1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండ మీది మట్టిదారిలో కొందరు కుర్రాళ్ళు పాత సైకిళ్ళేసుకుని కిందికి పందెం కట్టారు. దాదాపు రెండు మైళ్ళలో 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనక చక్రం ఇరుసులోనే ఉండేది, పెడలు వెనక్కి తొక్కితే పడుతుంది. కిందికి చేరేసరికి ఇరుసు కాలిపోయి లోపలి గ్రీజంతా పొగైపోయేది. విప్పి మళ్ళీ గ్రీజు నింపితే తప్ప ఇంకో పందేనికి పనికిరాదు. అలా నింపుకోవడం వల్లే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు పడింది. ఆ జట్టులోని జో బ్రీజ్ మరుసటి ఏడాది కొండదారుల కోసమే ఫ్రేము కట్టాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో ఇలాంటి బళ్ళు అమ్మే కంపెనీ పెట్టారు. కాబట్టి మౌంటెన్ బైకు పుట్టిందే గ్రీజు చేతుల్లో, బండి సొంతంగా విప్పుకోనివాడికి అది తొక్కే అర్హత లేదు అని ముగించాను.

“వాళ్ళకి గ్రీజు కాలిపోయింది కాబట్టి నింపుకున్నారు. మీకేం కాలిందనీ?” అంది మా ఆవిడ.

ఏమీ కాలలేదు. ఒక కిర్రు వినిపించింది, అంతే. కైలాసగిరి ఎక్కుతున్నప్పుడు, కుడికాలు తొక్కిన ప్రతిసారీ ఒకటి. ఎడమకాలికి లేదు. దిగి చేత్తో పెడలు తిప్పి చూస్తే లేదు. సైకిలు గొట్టాలు బోలుగా ఉంటాయి గనక శబ్దం ఒకచోట పుట్టి ఇంకోచోట పలుకుతుంది, చెవిని నమ్మొద్దని తెలిసినవాళ్ళంతా చెబుతారు. నేను చెవినే నమ్మాను. కాళ్ళ కింద నుంచి వస్తోంది గనక క్రాంకు తిరిగే చోటు, బాటమ్ బ్రాకెట్టే దోషి అని తీర్పు చెప్పేశాను.

తెలియక చేసే తప్పుకు ఎవరైనా జాలి చూపిస్తారు. నాది తెలివి ఎక్కువై చేసింది. ఎడమ పెడలుకు ఎదురు మర ఉంటుందని అట్లాస్ రోజుల్లోనే నేర్చుకున్నాను. మామూలు నట్టు ఎటు తిప్పితే వదులవుతుందో, ఎడమ పెడలు అటు తిప్పితే బిగుస్తుంది. కాబట్టి బాటమ్ బ్రాకెట్ కప్పుల్లో కూడా ఎడమదే ఎదురు మర, కుడిది మామూలు మర అని లెక్కవేశాను. నా బండికున్న బీఎస్ఏ మర సరిగ్గా దీనికి తలకిందులు. అందులో ఎదురు మర కుడి కప్పుకు ఉంటుంది. కారణం తెలియాలంటే గుప్పిట్లో పెన్సిలు వదులుగా పట్టుకుని పైకొసను గుండ్రంగా తిప్పి చూడండి. కొస ఒకవైపు తిరుగుతుంటే పెన్సిలు తన చుట్టూ తాను రెండోవైపు జరుగుతుంది. తొక్కుడు బరువుకు మరలు కూడా అలాగే రవ్వంత రవ్వంత జరుగుతాయి. పెడల్లో ఆ జరుగుడు ఒకవైపు, కప్పులో దానికి ఎదురువైపు. ఏ పక్క వదులైపోతుందో చూసి ఆ పక్కకు ఎదురు మర కోశారు. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, 1861లో తుపాకుల కోసం పుట్టిన కంపెనీ. మన చిన్నప్పుడు అందరూ ఆశపడ్డ బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ మీది బీఎస్ఏ కూడా ఆ పేరే.

ఇదంతా తర్వాత చదువుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం పానాను కప్పు అంచున ఉన్న గాట్లలో పెట్టి, బలం చాలక పిడికి ఒక ఇనప గొట్టం ముక్క తొడిగి, గోడకు కాలు తన్నిపెట్టి లాగాను. కుడి కప్పు కొంచెం కదిలింది. కదిలింది కదా అని మా అబ్బాయిని పిలిచి చూపించాను కూడా. నిజానికి అది ఇంకాస్త బిగిసింది. ఎడమది కూడా అంతే. రెండింటినీ విప్పుతున్నాననుకుంటూ ఒళ్ళు దాచుకోకుండా బిగించాను. మూడోసారి ఊపిరి బిగబట్టి లాగేసరికి పానా టక్కున జారింది. వేళ్ళ కణుపులు ఫ్రేముకు కొట్టుకుని తోలు లేచింది. కప్పు గాట్లు నున్నగా చదునైపోయాయి, వాటి తాలూకు తెల్లటి రజను బాల్కనీ గచ్చు మీద మెరుస్తోంది.

అక్కడ ఆగినా పోయేది. బాటమ్ బ్రాకెట్ ఊడిరాలేదు గనక శబ్దం ఇంకెక్కడినుంచో వస్తోందని కొత్త వాదన లేవదీశాను. బండిని తలకిందులు చేసి చక్రాలు తీశాను. పెడళ్ళు, హ్యాండిలు కింది బేరింగులు, చివరికి గేరు మార్చే డిరైలరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్కతో సహా విప్పాను. ఆ ముక్కను కావాలనే మెత్తగా చేస్తారు. బండి పడితే అది వంగి ఫ్రేమును కాపాడుతుంది. బండి పడకుండానే, బక్కెట్లో వేసేటప్పుడు నేనే వంచాను.

ఈ సందడిలో అలవాటు కొద్దీ ఒకసారి ముందు బ్రేకు నొక్కాను. డిస్కు మధ్యలో లేనప్పుడు నొక్కితే ప్యాడ్లు రెండూ ఎదురెదురుగా వచ్చి అతుక్కుంటాయి. స్క్రూ డ్రైవరుతో ఎడం చేశాను. ఆ తర్వాత లివరు హ్యాండిలుకు ఆనేదాకా మెత్తగా పోతోంది. బండి గంటలకొద్దీ తలకిందులుగా ఉంటే నూనె గొట్టంలోకి గాలి చేరుతుందని, కొన్నిసార్లు బండిని నిలబెట్టి లివరు నాలుగుసార్లు నొక్కితే అదే సర్దుకుంటుందని ఎవరైనా చెప్పేవారు. నేనెవర్నీ అడగలేదు. మోటారు సైకిళ్ళ సామాన్ల కొట్టుకెళ్ళి డాట్ 4 బ్రేకు ఆయిలు సీసా తెచ్చాను. లివరు మూత మీద మినరల్ ఆయిల్ మాత్రమే వాడాలని అచ్చు వేసి ఉంది. ఆ మూత మరలు కళ్ళజోడు పెట్టుకునే విప్పాను గనక చదవలేదనడానికి కూడా వీల్లేదు. బ్రేకు ఆయిలంటే బ్రేకు ఆయిలే అనుకున్నాను.

రెండూ రెండు జాతులు. షిమానో వాళ్ళ బ్రేకుల్లో మినరల్ ఆయిల్, స్రామ్ వాళ్ళ చాలా బ్రేకుల్లో డాట్. డాట్ ఆయిలు గాలిలో తేమను పీలుస్తుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. సముద్రం పక్కన ఉన్నవాడు సీసా మూత తీసిపెట్టుకోకూడదు, నేను తీసిపెట్టాను. అయినా నా బ్రేకు పోయింది తేమవల్ల కాదులెండి, అంతదాకా అది బతికితేగా. మినరల్ ఆయిల్‌కి తయారైన రబ్బరు సీళ్ళు డాట్ తగిలితే ఉబ్బుతాయి. మొదట బ్రహ్మాండంగా పట్టింది. పక్క ఫ్లాటాయనకు పిలిచి చూపించాను. తర్వాత నొక్కిన లివరు వెనక్కి రావడం మానేసింది. ఈ ఆయిలుకు రంగు ఊడదీసే గుణం కూడా ఉంది. కారిన చోటల్లా బాల్కనీ గ్రిల్లు రంగు పొక్కులు లేచి, కింద ఇనుము బయటపడింది. మా ఆవిడ దాని గురించి ఏమీ అనలేదు. బట్టలు ఆరేసే తీగ మాత్రం అవతలి కొసకు మార్చుకుంది.

వెనక బ్రేకు కథ చిన్నది. చెయిన్‌కు స్ప్రే కొడుతుంటే డిస్కు మీద పడింది. నూనె తాగిన ప్యాడ్లను పట్టకారుతో పట్టుకుని గ్యాసు పొయ్యి మీద అప్పడాలు కాల్చినట్టు కాల్చాను. వంటగది వాసన పోవడానికి కిటికీలు తెరిచి పడుకున్నాం. ప్యాడ్లు కొత్తవే కొన్నాను.

వీటన్నిటికంటే నాకు సిగ్గనిపించే సంగతి చెయిన్‌ది. ఈ ఆర్భాటమంతా జరుగుతున్నన్నాళ్ళూ నిజంగా నా చెయ్యి కోరింది అదొక్కటే. చెయిన్ సాగుతుందంటాం గానీ ఇనుము సాగదు. లోపలి పిన్నులు అరిగి ఒక్కో లింకు దగ్గర వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. అర అంగుళం చొప్పున ఇరవైనాలుగు లింకులు కలిపి కొత్తలో సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే అర శాతం అరిగినట్టు, పన్నెండు గేర్ల చెయిన్‌ను అప్పుడే మార్చేయాలి. కొలవడానికి స్కూలు స్కేలు చాలు. ఇసక తుడిచి, చుక్క చుక్కగా నూనె వేసి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయడమే దాని సేవ. ఇందులో పానా లేదు, గొట్టం ముక్క లేదు, పక్కింటివాళ్ళకు చూపించడానికి ఏమీ లేదు. అందుకే కాబోలు చెయ్యలేదు. అరిగిన చెయిన్ వెనక పళ్ళచక్రాలను కూడా తినేసింది. రసీదుల కట్టలో లావుపాటిది దానిదే.

ఇంతకీ కిర్రు సంగతి. బండిలో విప్పదగ్గవన్నీ విప్పేశాక ఫ్రేము, దానికి సీటు, సీటు రాడ్డు మిగిలాయి. ఎత్తు కుదరడానికి తంటాలు పడి, రాడ్డు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాను గనక దాని జోలికి పోలేదు. ఫ్రేమును గోడ పక్కకు జరుపుదామని సీటు మీద చెయ్యి ఆనించాను. కిర్రుమంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ కిర్రు. కుడికాలు తొక్కినప్పుడు నా బరువు అటు వాలుతుంది, రాడ్డు గొట్టంలో ఒరుసుకుంటుంది. లేచి నిలబడి ఒక్కసారి తొక్కి చూస్తే తేలిపోయేది; సీటు మీద బరువు లేకపోతే ఆ శబ్దమే ఉండదు. ఒకే ఒక బోల్టు వదులు చేసి రాడ్డు బయటికి లాగాను. ఉప్పుగాలికి తెల్లగా పొడి పట్టి ఉంది. తుడిచి, వేలితో గ్రీజు పూసి, టేపు గుర్తు దాకా దించాను. మళ్ళీ కిర్రుమనలేదు.

చదునైపోయిన కప్పులతో ఫ్రేమును పూర్ణా మార్కెట్ దగ్గర సందులో ఉన్న ఒక పాత సైకిల్ షాపుకు మోసుకెళ్ళాను. ఆయన కప్పు అంచును బెంచి వైసులో బిగించి, ఫ్రేమును రెండు కొసలా పట్టుకుని ఫ్రేమునే తిప్పాడు. ఒకసారికి రాలేదు. పక్క టీ కొట్టు కుర్రాణ్ణి కూడా పిలిచి ఇద్దరూ కలిసి తిప్పితే కీచుమని వదిలింది.

చెమట తుడుచుకుంటూ అడిగాడు. “ఎవరు బిగించారు బాబూ దీన్ని?”

“కొన్న షాపువాళ్ళే,” అన్నాను.

“షాపోళ్ళకి అంత ఓపిక ఎక్కడుంటాది బాబూ,” అని నా కణుపుల మీది ప్లాస్టరు వంక ఓసారి చూసి, రెండో కప్పు పనిలో పడ్డాడు. కొత్తది బిగించాక పాత కప్పులు రెండూ కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

“కుడిపక్కది ఎదురు మర బాబూ. ఈసారి ఇప్పినప్పుడు గుర్తెట్టుకోండి.”

“తెలుసండీ,” అన్నాను.