మూషికాతిథ్యము: టీకా తాత్పర్య విశేష సహితము

ఆ. మాటలాడ దెలుక, మానదు కౌగిలి
చల్లబడెను తిండి, చంటి యేడ్చె
బిల్లు చూచి నాన్న బెంబేలు పడుచుండ
ఫొటొలు చూచి యమ్మ పొంగిపోయె.

అవతారిక: ఫ్లోరిడాలో ఆర్లండో దగ్గర 1971లో వెలసిన వాల్ట్ డిస్నీ వరల్డ్ ఈ పద్యానికి రంగం. అక్కడ కాంటెంపరరీ అనే హోటలు పొట్టలోంచి మోనోరైలు దూసుకుపోతుంది. ఆ హోటల్లోదే షెఫ్ మిక్కీస్ అనే భోజనశాల. డాలస్‌లో కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబం, ఇండియా నుంచి దిగిన అమ్మమ్మతో సహా, అక్కడ టిఫినుకు కూర్చుంది. కవి పేరు తెలియదు. మూడో పాదంలోని ఆర్తిని బట్టి నాన్నే అయివుంటాడని విజ్ఞుల ఊహ.

టీక: ఎలుక = వంటవాడి టోపీ పెట్టుకున్న మిక్కీ మౌస్; మాటలాడదు = నోరు విప్పదు; కౌగిలి మానదు = చేతులు చాచిన వాళ్ళెవరినీ వదలదు; తిండి = మిక్కీ మొహం అచ్చులో పోసిన వాఫుల్; చంటి = రెండేళ్ళ పిల్ల; బిల్లు = టిప్పు కలిపింది; బెంబేలు పడుచుండ = రూపాయల్లోకి మార్చి చూసుకుంటూ ఉండగా; ఫొటొలు = ఫొటోలు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: ‘ఎలుక’ ఉపలక్షణం. డొనాల్డ్ అనే బాతు, గూఫీ, ప్లూటో అనే కుక్కలు, మిన్నీ అమ్మగారు కూడా ఇందులోకే వస్తారు. ‘మాటలాడదు’ అన్నది మాత్రం తల మొత్తం కప్పుకున్న వేషాలకే చెల్లుతుంది. సిండరెల్లా కోటలో భోజనానికి వెళితే రాకుమార్తెలు సొంత మొహంతోనే ఉంటారు, బోలెడు కబుర్లు చెబుతారు. ఈ భేదం తెలియని అమ్మమ్మ మిక్కీ చెయ్యి పట్టుకుని, “లోపల ఉక్క పోయడం లేదుటయ్యా?” అని అడిగింది. పక్కనున్న సహాయకురాలికి తెలుగు రాకపోబట్టి సరిపోయింది. ఆ లోకంలో ‘లోపల’ అనేదే లేదు. ఉన్నది మిక్కీ ఒక్కడే. ప్రశ్న రసభంగమే గానీ, ఫ్లోరిడా వేసవి ఎరిగిన వ్యాఖ్యాత అమ్మమ్మ పక్షమే.

‘చల్లబడెను’ అన్న క్రియలో కవి గడుసుదనమంతా ఉంది. వాఫుల్‌కి ఒక చెవి తుంచి నోట్లో పెట్టుకునేసరికి డొనాల్డ్ వచ్చాడు. లేవాలి, వేళ్ళకంటిన పాకం తుడుచుకోవాలి, ఆటోగ్రాఫ్ పుస్తకం తీయాలి, లావుపాటి పెన్ను అందించాలి (నాలుగు వేళ్ళ తొడుగులో సన్న పెన్ను నిలవదు), నవ్వాలి. కూర్చుని రెండో చెవి తుంచబోతే గూఫీ. ఈలోగా అందరూ న్యాప్‌కిన్లు గిరగిరా తిప్పాలని పాట మొదలైంది. తిండి వేడిగా తిన్నవాడు వేషగాళ్ళను చూడలేదన్న మాట. ఇది అనుమాన ప్రమాణం.

‘చంటి యేడ్చె’: టీవీలో జానెడున్న ఎలుక, ఎదుట నాన్నంత ఎత్తున, గంగాళమంత తలతో నిలబడితే ఏడవక ఏంచేస్తుంది? తప్పు పిల్లది కాదు. ఆ మిక్కీ అనుభవం గలవాడు. మీదికి రాలేదు. దూరాన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని తెరిచి దోబూచులాడాడు. పిల్ల ఏడుపు ఆపలేదు గానీ అమ్మమ్మ భుజం మీంచి ఒక కన్నుతో చూసింది. పద్యంలో ఈ సంగతి లేకపోవడం కవి లోపం.

‘బిల్లు’: మూడేళ్ళ లోపు పిల్లలకు ఉచితం. మూడు నుంచి తొమ్మిది దాకా పిల్లల రేటు. పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ రేటు. పద్యంలో కనబడని పదేళ్ళ పెద్దవాడు ఆ రోజు తిన్నది రెండు బేకన్ ముక్కలూ ఒక గ్లాసు చాక్లెట్ పాలూ. అరవై రోజుల ముందే పొద్దున్నే లేచి టేబుల్ బుక్ చేసుకోవాలి. చేసుకుని చెప్పకుండా మానేస్తే తలకు 10 డాలర్ల జరిమానా.

ఇంత పెట్టి కొన్నదేమిటని పూర్వపక్షం. తిండి కాదని సిద్ధాంతం. పార్కులో ఇదే మిక్కీ కోసం ఎండలో వరసలో నిలబడాలి. ఇక్కడ, ఉత్సవమూర్తి మాడవీధుల్లోకి వచ్చినట్టు, ఆయనే మన టేబుల్ దగ్గరికి వస్తాడు. కట్టిన డబ్బు దానికి. ఆ లెక్కన ధర న్యాయమే. వాఫుల్ లెక్కన మాత్రం దోపిడీ.

ఛందస్సు ఆటవెలది. ఫొటోను ఫొటొగా కుదించడం గణం కోసం. అలంకారం స్వభావోక్తి. నాన్న అతిశయోక్తి అనుకున్నాడు గానీ, రెండుసార్లు కూడినా మొత్తం మారలేదు.

ఫలశ్రుతి: ఇది చదివినవారు హోటలు గదిలోనే ఇంత ఉప్మా తిని బయల్దేరుదురు గాక. పెద్దపిల్లకు పదో పుట్టినరోజు రాకముందే వెళ్ళిరండి.