ఒక్క కాయితం

ఏర్పేడు స్టేషన్ దారిలో జిరాక్స్ అంగడి పెట్టి పద్నాలుగేండ్లు. ఊళ్లో ఎవరికే జబ్బో డాక్టరు తర్వాత తెలిసేది నాకే. చదవకూడదనే అనుకుంటా. కాయితాన్ని అద్దం మీద బోర్లించేలోగా కండ్లు వాటి పని అవి చేసేస్తాయి.

పాపానాయుడుపేట పాప ఫైలు నాకు కంఠతా వచ్చు. పెండ్లయి ఆరేండ్లు. థైరాయిడ్, హార్మోన్లు, స్కానింగులు, గర్భసంచి ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, అన్నీ ‘నార్మల్’. డాక్టరు మారినప్పుడల్లా ఒక సెట్టు. ఫైలు బెత్తెడు మందమైంది. నడుమ నడుమ కాళహస్తి రాహుకేతు పూజ రసీదులు. మొగుడి పేరు మీద మాత్రం ఒక్క కాయితం లేదు.

గుడిమల్లం మా మండలమే. పురుషాంగాన్ని ఉన్నదున్నట్టు రాతిలో చెక్కిన లింగం, రెండు వేల ఏండ్ల నాటిదంటారు. దానిముందు నిలబడి దండం పెట్టుకుంటాం. ఆ సంగతే డాక్టరు అడిగితే మాత్రం మగోళ్లకు ఎక్కడలేని రోషం.

చివరికి తిరుపతిలో ఒక డాక్టరమ్మ మొండికేసింది. మొగుడి పరీక్ష తెస్తేనే నీ ఫైలు తెరుస్తా అనిందంట.

అట్ల వచ్చింది మొదటి కాయితం. మిల్లీలీటరుకు వీర్యకణాలు 60 లక్షలు. పక్కనే, కనీసం ఉండాల్సిన లెక్క అచ్చేసి ఉంది: 1 కోటీ 60 లక్షలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది. స్కానింగులో ఎడమ పక్క వేరికోసీల్. నరాలు ఉబ్బినాయంటారు మనోళ్లు. నిజానికవి రక్తాన్ని వెనక్కి మోసే సిరలు. కవరు వెనక డాక్టరమ్మ గీసిన బొమ్మనూ జిరాక్స్ తీసినా కాబట్టి చెప్తున్నా. ఎడమ సిర పొడవెక్కువ, నిట్టనిలువుగా పొయ్యి కిడ్నీ సిరలో కలుస్తుంది. కవాటాలు చెడితే రక్తం కిందికే జారి మడుగు కడుతుంది. వృషణాలకు ఒంటికంటే రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాల. అక్కడ కుంపటి పెట్టినట్టయితే కణాలేం బతుకుతాయి? ఆయన చేసేది చూస్తే గాజు పూసల బట్టీ ముందర పని. లోపలా సెగే, బయటా సెగే. మగోళ్లలో నూటికి పదిహేనుమందికి ఈ ఉబ్బు ఉంటుందంట. పిల్లల్లేక ఆస్పత్రికొచ్చే మగోళ్లలో అయితే 35 నుంచి 40 మందికి.

ఆపరేషన్‌కు డబ్బులెట్ల? పాప కమ్మలు బ్యాంకులో కుదువకు పొయినాయి. దానికి ఆధార్ జిరాక్స్ తీసిందీ నేనే. ఊరికి మాత్రం హెర్నియా అని చెప్పినారు. గజ్జల్లో చిన్న గాటు పెట్టి, మైక్రోస్కోపులో చూస్తా ఉబ్బిన సిరల్ని ఒక్కొక్కటే ముడేసినారంట. కొత్త కణం తయారుకావాలంటే 70 రోజులు దాటుతుంది, మూడు నెల్లకు రమ్మన్నారు. అందరికీ పనిచెయ్యదు, పనిచేసినా ఏడాది ఓపిక పట్టమని కూడా చెప్పినారు.

మూడు నెల్లకు రెండో రిపోర్టు: 3 కోట్ల 10 లక్షలు. కదిలే కణాలు 18 శాతం నుంచి 46 శాతానికి. కమ్మల్లేని చెవులకు వేపపుల్లలు పెట్టుకోని, నవ్వతా వచ్చింది పాప.

“రెండు తియ్యన్నా. ఒకటి మా అత్తకు. సంబరపడతాది.”

వారం తర్వాత రేషన్ కార్డు జిరాక్స్‌కు మళ్లీ వచ్చింది. ముందురోజు నేను తిరుపతికి పొయ్యుంటే అంగడి మా పిల్లోడు చూసుకున్నాడు. బల్ల మీద కవరుంటే, “మీ అత్త లామినేషన్‌కు ఇచ్చి పొయిందంట, తీసకపోమ్మా” అని చేతికిచ్చినా. పద్నాలుగేండ్లలో నేను చదవకుండా ఇచ్చింది అదొక్కటే.

పాప విప్పి చూసింది. పైన మొగుడి కలర్ ఫొటో. దానికింద జాతకం. అన్నిటికిందా ఆ రిపోర్టు.

“నీళ్లు పడినా చెడకూడదనిందక్కా అవ్వ” అన్నాడు పిల్లోడు, ఉత్సాహంగా. “లోపం మావోనిలో లేదని కాయితమే చెప్తా ఉంది గదా, పెండ్లిళ్ల పేరయ్యకు ఇయ్యాల అనింది.”

పాప మూడింటినీ మళ్లీ అదే వరసలో కవర్లో పెట్టింది.

“ఎంతన్నా?”

“వద్దులేమ్మా...”

“చెప్పన్నా.”

“తొంభై.”

లెక్కపెట్టి ఇచ్చింది.

“ఇదీ కమ్మల లెక్కలోనే రాసుకుంటాలే” అనింది.